నెలవారీ విరాళాలకు సివిసీఆర్‌ఎం: లెక్క చక్కగా రాస్తుంది, వసూలు మన పూచీ

నెలవారీ విరాళాలు మొదలుపెట్టాలనుకునే సంస్థకు రెండు దారులుంటాయి. ఫారం, రసీదు, వసూలు అన్నీ తామే చూసుకుని ప్రతి విరాళంలో ఇంత శాతం అని పట్టుకునే ఆన్‌లైన్ వేదికలు ఒక దారి. దాతల వివరాలు, ఫారాలు, రసీదులు మన సర్వర్‌లోనే ఉంచుకుని, డబ్బు తీసుకునే పనికి మాత్రం ఒక పేమెంట్ గేట్‌వేని తగిలించుకోవడం రెండో దారి. సివిసీఆర్‌ఎం ఈ రెండో రకం. 2005 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, లాభాపేక్ష లేని సంస్థల కోసమే రాసింది. వెబ్‌సైట్లు తయారుచేసుకునే సాధనాలైన వర్డ్‌ప్రెస్, డ్రూపల్, జూమ్లా, బ్యాక్‌డ్రాప్ సైట్ల లోపల నడుస్తుంది. వీటిలో ఏదీ లేకుండా విడిగా నడిచే రూపం కూడా ఇప్పుడు వచ్చింది. లైసెన్సుకు ఏమీ కట్టక్కర్లేదు. సర్వర్‌కూ గేట్‌వేకూ దాన్ని చూసుకునే మనిషికీ మాత్రం ఖర్చవుతుంది. ఆ మూడో ఖర్చును లెక్కలో వేసుకోని సంస్థలే ఆరు నెలల తర్వాత ఈ సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటాయి.

ఇందులో ఈవెంట్లు, సభ్యత్వాలు, కేసులు, సర్వేలు అని చాలా విభాగాలున్నాయి. ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. నెలనెలా విరాళం ఇచ్చే దాతల కార్యక్రమాన్ని దీని మీద నడపొచ్చా, నడిపితే ఎక్కడ తేడా కొడుతుంది అన్నదే విషయం.

మాట వేరు, వాయిదా వేరు

సివిసీఆర్‌ఎంలో అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది దాని లెక్క రాసే తీరు. దాత "నెలకు ఇంత ఇస్తాను" అన్న మాటకు ఒక రికార్డు, ప్రతి నెలా నిజంగా వచ్చిన డబ్బుకు విడివిడిగా రికార్డులు. మాట రికార్డులో మొత్తం, ఎన్నాళ్లకోసారి, మొదలైన తేదీ, తర్వాతి వసూలు తేదీ, వరుసగా ఎన్నిసార్లు విఫలమైంది, రద్దయితే ఏ రోజు, ఎందుకు అన్న గడులన్నీ ఉంటాయి. వినడానికి చిన్న సంగతే. కానీ ఎక్సెల్ షీట్లలో, చవక వేదికల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. ఈ నెల డబ్బు రాకపోతే ఆ దాత మానేశాడా, కార్డు పనిచేయలేదా, మనమే నమోదు చేయలేదా అన్నది అక్కడ తేలదు.

ఆ తేడా ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 200 మంది నెలవారీ దాతలతో మొదలుపెట్టి, నెలకు 5 శాతం జారిపోతున్నారనుకుందాం. కొత్తవాళ్లెవరూ చేరకపోతే ఏడాది తిరిగేసరికి మిగిలేది 108 మంది. అదే 2 శాతానికి తగ్గిస్తే 157 మంది ఉంటారు. అంటే ఏడాదికి దాదాపు 50 మంది తేడా. ఆ జారిపోయేవాళ్లలో "ఇక ఇవ్వను" అని నిర్ణయించుకున్నవాళ్లు కొందరే. మిగతావాళ్ల కార్డు గడువు తీరి ఉంటుంది, బ్యాంకు తిప్పికొట్టి ఉంటుంది. తమ విరాళం ఆగిందన్న సంగతే వాళ్లకు తెలియదు. కొత్త దాతల కోసం ప్రచారం మీద పెట్టే డబ్బులో కొంత ఈ రెండో రకం వాళ్లను కాపాడుకోవడం మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. సివిసీఆర్‌ఎంను తూచాల్సింది కూడా ఇక్కడే.

ఇంకో మాట. ఇందులో ప్లెడ్జ్ అని వేరే విభాగం ఉంది. చాలామంది దాన్నే నెలవారీ విరాళం అనుకుని మొదలుపెట్టేస్తారు. అది కాదు. ప్లెడ్జ్ అంటే ఇస్తానన్న మాట, వాయిదాల పట్టిక, గుర్తుచేసే మెయిళ్లు. కార్డు నుంచి తనంతట తాను డబ్బు తీసుకోదు. బ్యాంకుకు తానే చెప్పుకుని నెలనెలా పంపే దాతలకు, చెక్కులిచ్చేవాళ్లకు ప్లెడ్జ్ సరిపోతుంది. వాయిదాకు 5 రోజుల ముందు గుర్తుచేయాలన్న సెట్టింగ్ ముందే ఉంటుంది కూడా. అయితే ప్లెడ్జ్‌లను నడిపే షెడ్యూల్డ్ జాబ్‌లో (వేళకు దానంతట అదే జరిగేలా పెట్టిన పనిలో), గుర్తుచేసే మెయిళ్లు పంపమన్న పారామీటర్ విలువను 1 అని పెడితేనే అవి వెళ్తాయి. పెట్టకపోతే జాబ్ రోజూ నడుస్తున్నట్టే కనిపిస్తుంది, మెయిలు మాత్రం ఒక్కటీ వెళ్లదు.

ఫారం దగ్గర పడే గండి

విరాళాల పేజీ తయారుచేయడం గంట పని. మొత్తాలు, రసీదు, దాత నింపాల్సిన వివరాలు ఒక్కో ట్యాబ్‌లో ఉంటాయి. మొత్తాల ట్యాబ్‌లో రికరింగ్ (మళ్లీ మళ్లీ వచ్చే విరాళం) అన్న చోట టిక్ పెట్టి, రోజు, వారం, నెల, సంవత్సరం నాలుగింటిలో నెల ఒక్కటే ఉంచాలి. అన్నీ ఇస్తే దాత ఎంచుకోలేక ఆగిపోతాడు. వాయిదాల సంఖ్య అడిగే గడి తీసేయండి. దాత అందులో 12 అని నింపితే పన్నెండో నెలతో విరాళం ఆగిపోతుంది. ఖాళీగా వదిలేస్తే ఆపే దాకా నడుస్తుంది. ఈ తేడా చదివి అర్థం చేసుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఒకసారి ఇచ్చేవాళ్లకూ నెలనెలా ఇచ్చేవాళ్లకూ ఒకే పేజీ వద్దు. ఒకసారికి తగిన మొత్తాలు నెలకు భారంగా కనిపిస్తాయి, నెలకు తగినవి ఒకసారికి మరీ చిన్నవైపోతాయి. నెలవారీకి విడి పేజీ, మూడు మొత్తాలు, నడిమిది ముందే ఎంచి ఉంచడం, దాత ఇష్టం వచ్చినంత రాసుకునే ఖాళీ ఒకటి. అంతకు మించి అక్కర్లేదు.

విడి పేజీ పెట్టగానే సివిసీఆర్‌ఎంలోని బాగా పాత లోపం ఒకటి ఎదురవుతుంది. "ఈ మొత్తాన్ని ప్రతి నెలా ఇవ్వాలనుకుంటున్నాను" అన్న టిక్ గడి మామూలుగా ఖాళీగానే వస్తుంది. పేజీ పైన పెద్ద అక్షరాలతో నెలవారీ అని రాసి ఉన్నా, దాత ఆ గడి చూడకుండా కార్డు నంబరు కొట్టి పంపేస్తే అది ఒకసారి విరాళంగానే నమోదవుతుంది. దాత తాను నెలవారీ దాతనే అనుకుంటాడు, సంస్థ మాత్రం కాదనుకుంటుంది. చిన్న జావాస్క్రిప్ట్ కోడ్ ముక్కతోనో, సివిసీఆర్‌ఎంకు అదనంగా తగిలించుకునే ఎక్స్‌టెన్షన్‌తోనో ఆ గడిని ముందే టిక్ చేసి కదలకుండా పెట్టాలి. నెలవారీ పేజీ అన్న సంగతి పంపే బటన్ మీద కూడా రాయాలి. ఇన్నేళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఇది ఒక్క సెట్టింగ్‌తో అయిపోవాల్సిన పని.

ఒకే ఈమెయిల్ వాడే భార్యాభర్తలు మరో చిక్కు. ఆన్‌లైన్ ఫారం నింపిన మనిషి పాతవాడా కొత్తవాడా అని తేల్చడానికి సివిసీఆర్‌ఎం ఒక నియమం వాడుతుంది. మామూలుగా అది ఈమెయిల్ ఒక్కటే చూస్తుంది. భర్త పేరుతో ఉన్న రికార్డు మీద భార్య ఫారం నింపితే ఆ పేరు మారిపోయే అవకాశం ఉంది. అప్పుడు రసీదు ఒకరి పేరున, కార్డు ఇంకొకరి పేరున ఉంటాయి. ఈమెయిల్‌తో పాటు పేరును కూడా సరిచూసే నియమం రాసుకుంటే ఈ గొడవ ఉండదు. నకిలీ రికార్డులు కొన్ని పెరుగుతాయి, వాటిని నెలకోసారి కలిపేసుకోవచ్చు. చెరిగిపోయిన పేరును తిరిగి తెచ్చుకోవడం కంటే రెండు రికార్డులను కలపడమే తేలిక.

గేట్‌వే: అసలు పరీక్ష

సివిసీఆర్‌ఎం తానుగా డబ్బు వసూలు చేయదు. గేట్‌వేకు తగిన ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. కార్డు చెల్లింపులు తీసుకునే స్ట్రైప్‌కు ఉంది, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా తీసుకునే గోకార్డ్‌లెస్‌కు ఉంది, ఇంకా చాలావాటికి ఉన్నాయి. ఏది వాడాలన్నది మీ దేశంలో ఏది నడుస్తుందో, స్వచ్ఛంద సంస్థలకు ఖాతా ఎవరిస్తారో దాన్ని బట్టి ఉంటుంది. ముందస్తు నోటీసు, అదనపు ధృవీకరణ లాంటి నిబంధనలు కూడా దేశదేశానికీ మారతాయి కాబట్టి గేట్‌వేతో మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సింది వాటి గురించే.

సంస్థలు అడగడం మరిచిపోయే ప్రశ్న ఒకటుంది: ప్రతి నెలా డబ్బు తీసుకోమని ఎవరు చెబుతారు? కొన్ని ఎక్స్‌టెన్షన్లలో నెలవారీ ఏర్పాటు గేట్‌వే దగ్గరే ఉంటుంది. గడువు రాగానే అదే వసూలు చేసి, ఫలానా విరాళం వచ్చిందని వెబ్‌హుక్ ద్వారా, అంటే మన సైటు చిరునామాకు దానంతట అదే వచ్చే సందేశం ద్వారా, సివిసీఆర్‌ఎంకు కబురు పంపుతుంది. స్ట్రైప్ ఈ పద్ధతే. మరికొన్నిటిలో కార్డు టోకెన్ (కార్డు నంబరుకు బదులుగా వాడే గుర్తు) మాత్రమే గేట్‌వే దగ్గర ఉంటుంది. ప్రతి నెలా సివిసీఆర్‌ఎం తన క్రాన్ జాబ్‌తో (సర్వర్ వేళకు దానంతట అదే నడిపే పనితో) ఈ దాత దగ్గర ఇంత తీసుకో అని అడుగుతుంది.

రెండూ పనిచేస్తాయి, దెబ్బతినేటప్పుడు మాత్రం వేర్వేరుగా దెబ్బతింటాయి. మొదటి పద్ధతిలో మీ సైటు పడిపోయినా డబ్బు వస్తూనే ఉంటుంది, లెక్కలోకి మాత్రం ఎక్కదు. చేరని వెబ్‌హుక్‌ను స్ట్రైప్ 3 రోజుల వరకు మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. సైటు అంతకంటే ఎక్కువ రోజులు ఆగిందంటే స్ట్రైప్ డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి ఒక్కొక్కటీ చేత్తో పంపుకోవాల్సిందే. రెండో పద్ధతిలో క్రాన్ ఆగితే వసూలే ఆగిపోతుంది. అయితే క్రాన్ ఆగిందని సిస్టమ్ స్టేటస్ పేజీ ఎర్రగా చూపిస్తుంది, అది చూసే అలవాటు ఉండాలి అంతే.

కొత్త విరాళాలు పెండింగ్‌లోనే ఉండిపోయి, గేట్‌వే దగ్గర మాత్రం డబ్బు జమైనట్టు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది వెబ్‌హుక్‌నే. వర్డ్‌ప్రెస్‌లో వేసిన సెక్యూరిటీ ప్లగిన్ దాన్ని అడ్డుకుని ఉండొచ్చు. సైటును మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి మరిచిపోయి ఉండొచ్చు. సైటు చిరునామా మార్చినప్పుడు వెబ్‌హుక్ చిరునామా మార్చకుండా వదిలేసి ఉండొచ్చు. పరీక్ష ఎలా చేయాలంటే, టెస్ట్ మోడ్‌లో ఒక విరాళం పెట్టి, అది పూర్తయినట్టు నమోదైందా, మెయిలు వచ్చిందా చూడాలి. అక్కడితో ఆగకూడదు. రెండో నెల విరాళం కూడా వచ్చిపడిందో లేదో చూడాలి. మొదటిదాన్ని సాధారణంగా ఫారమే నమోదు చేయగలదు. వెబ్‌హుక్ పనిచేస్తోందని రుజువయ్యేది రెండో దానితో. టెస్ట్‌లో రోజుకోసారి అన్న విరామం పెట్టుకుంటే మర్నాటికే తేలిపోతుంది. టెస్ట్ విరాళాలు మామూలు వెతుకులాటలో కనిపించవు, వాటికోసం విడిగా టిక్ పెట్టుకుని వెతకాలి.

పరీక్షల కోసం అసలు సైటుకు నకలు తీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. డేటాబేస్‌ను యథాతథంగా కాపీ చేసి రెండో సర్వర్‌లో క్రాన్ నడిపితే దాతలకు మెయిళ్లు రెండేసి వెళ్తాయి. క్రాన్‌తో వసూలు చేసే గేట్‌వే అయితే డబ్బే రెండుసార్లు తీసుకునే ప్రమాదం ఉంది. సివిసీఆర్‌ఎంలో ఎన్విరాన్‌మెంట్ అన్న సెట్టింగ్ ఉంది. దాన్ని స్టేజింగ్ (పరీక్షల నకలు) అని మారిస్తే షెడ్యూల్డ్ జాబ్‌లు, బయటికి వెళ్లే మెయిళ్లు ఆగుతాయి. ఈ మార్పును కాపీ తీసుకున్నాక తెర మీద చేయొద్దు, ఆ సర్వర్ సెట్టింగ్స్ ఫైల్‌లోనే ముందే రాసిపెట్టండి. అప్పుడు ఎన్నిసార్లు కాపీ తీసినా భయం ఉండదు.

విఫలమైన వసూళ్లు

ఇక్కడే కార్యక్రమం నిలబడుతుంది లేదా పడుతుంది. సివిసీఆర్‌ఎం ఇక్కడ సగం పనే చేస్తుంది. ఒక నెల వసూలు విఫలమైతే నమోదు చేస్తుంది, ఎన్నిసార్లయిందో లెక్క పెట్టుకునే గడి ఉంటుంది. కానీ దాతకు ఏమని చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్న ఏర్పాటు దానంతట అది రాదు.

మొదట విఫలమైన కారణాన్ని చూడాలి. ఖాతాలో డబ్బు లేకపోతే కొన్ని రోజులాగి మళ్లీ ప్రయత్నించొచ్చు, చాలావరకు వచ్చేస్తుంది. కార్డు గడువు తీరితే ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు, దాత కొత్త వివరాలు ఇవ్వాల్సిందే. కార్డు నెట్‌వర్క్‌లు కొత్త నంబరును గేట్‌వేకు తామే అందించే ఏర్పాటు కొన్ని బ్యాంకులతో పనిచేస్తుంది, అన్నిటితో కాదు. పోయిందనో దొంగిలించారనో బ్యాంకు గుర్తుపెట్టిన కార్డును మళ్లీ తాకకూడదు. కారణం చెప్పకుండా బ్యాంకు తిప్పికొట్టేవి నాలుగో రకం. వాటికి దాత తన బ్యాంకుతో మాట్లాడుకోవడమే దారి. ఇష్టం వచ్చినన్ని సార్లు ప్రయత్నించే వీలూ లేదు. ఒకే వసూలుకు 30 రోజుల్లో 15 సార్లకు మించి మళ్లీ అడగకూడదని వీసా కార్డు సంస్థ నియమం.

స్ట్రైప్ వాడేవాళ్లు మళ్లీ ప్రయత్నించే పనిని దానికే వదిలేయడం మేలు. 2 వారాల్లో 8 ప్రయత్నాలు అన్నది అది సిఫారసు చేసే పద్ధతి. ప్రయత్నాలన్నీ అయిపోయాక ఏం చేయాలో స్ట్రైప్ సెట్టింగ్స్‌లో మనమే చెప్పాలి: రద్దు చేయడమా, చెల్లించనిదిగా ఉంచడమా, బాకీగా వదిలేయడమా. రద్దునే ఎంచుకోండి. విరాళం బాకీ కాదు. మూడు నెలల తర్వాత దాత కార్డు మార్చుకోగానే పాత నెలలవన్నీ ఒక్కసారి పడితే ఆ మనిషి మళ్లీ మన ముఖం చూడడు.

దాతకు పంపే మెయిళ్లను ఈ రెండు వారాలకు సరిపోయేలా పేర్చుకోవాలి. విఫలమైన రోజున ఒకటి, ఐదో రోజున ఒకటి, పదో రోజున ఫోను, పద్నాలుగో రోజున చివరి మెయిలు. మొదటిది ఇలా ఉంటే చాలు:

"నమస్కారం. ఈ నెల మీ విరాళం మాకు చేరలేదు. కార్డు గడువు తీరినా, బ్యాంకు ఆపినా ఇలా అవుతుంది. కింది లింకులో కార్డు వివరాలు మార్చుకోవచ్చు. కొద్ది రోజుల్లో మేమే ఇంకోసారి ప్రయత్నిస్తాం కాబట్టి, కార్డు గడువు తీరి ఉండకపోతే మీరు ఇప్పుడేమీ చేయకపోయినా పరవాలేదు. ఈ నెలకు ఆపాలనుకుంటే ఈ మెయిలుకే జవాబివ్వండి."

అందులో విరాళం ఎంతో లేదు, సంస్థకు ఎంత నష్టమో లేదు, బతిమాలడం లేదు. ఆ మొదటి మెయిలు విరాళం అడగడానికి కాదు, కబురు చెప్పడానికి.

ఈ మెయిళ్లు వాటంతట అవి వెళ్లాలంటే సివిరూల్స్ అనే ఎక్స్‌టెన్షన్ కావాలి. మెయిలు పంపే చర్య కోసం ఈమెయిల్ ఏపీఐ అన్న ఇంకో ఎక్స్‌టెన్షన్ కూడా వేసుకోవాలి. ఫలానాది జరిగితే, ఫలానా షరతు ఉంటే, ఇన్ని రోజులాగి ఫలానా మెయిలు పంపు అని అందులో నియమాలు రాసుకోవచ్చు. కొత్త దాతలకు స్వాగతం చెప్పే మెయిళ్లకు కూడా ఇదే పనికొస్తుంది. ఐదో రోజు మెయిలుకు ఒక షరతు తప్పక ఉండాలి: ఈలోగా డబ్బు వచ్చేసి ఉంటే పంపొద్దు. నియమం అమలు మొదలైనప్పుడే కాకుండా, ఆగిన రోజులయ్యాక మెయిలు వెళ్లే ముందు కూడా షరతును మళ్లీ సరిచూసేలా పెట్టుకోవాలి. ఇది మరిచిపోతే నిన్ననే డబ్బు కట్టిన దాతకు ఇవాళ చేరలేదన్న మెయిలు వెళ్తుంది.

వీటన్నిటికీ అవతల ఒక మనిషి వారానికోసారి చూడాల్సిన జాబితా ఉండాలి. సివిసీఆర్‌ఎంలోని వెతుకులాట సాధనమైన సెర్చ్‌కిట్‌లో రికరింగ్ విరాళాలను తీసుకుని, వైఫల్యాల సంఖ్య 1 గానీ అంతకు మించి గానీ ఉన్నవి, లేదా తర్వాతి వసూలు తేదీ దాటిపోయినా ఇంకా నడుస్తున్నట్టు కనిపిస్తున్నవి అని వడపోసి, పేరు, ఫోను, మొత్తం, చివరిసారి వచ్చిన తేదీ గడులుగా పెట్టుకుంటే జాబితా తయారు. సివిసీఆర్‌ఎంలో ఇటీవలి కాలంలో వచ్చిన వాటిలో సెర్చ్‌కిట్ అన్నిటికంటే మంచిది. పాత రిపోర్టులతో కుస్తీ పట్టే పని చాలావరకు తప్పింది. రెండో షరతును వదిలేయకండి. వెబ్‌హుక్ మౌనంగా చచ్చిపోయినప్పుడు వైఫల్యాల సంఖ్య సున్నాగానే ఉంటుంది, బయటపెట్టేది దాటిపోయిన తేదీ ఒక్కటే.

రద్దు చేసినట్టు కనిపించి, చేయని రద్దు

దాత ఆపమని ఫోను చేశాడు, సిబ్బందిలో ఒకరు రికార్డు తెరిచి రద్దు నొక్కారు, పని అయిపోయింది. అయిపోయిందా? గేట్‌వే ఎక్స్‌టెన్షన్‌కు రద్దును పంపే సత్తా ఉంటేనే అయిపోయినట్టు. లేకపోతే ఆ తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది: సివిసీఆర్‌ఎంలో మాత్రమే రద్దయినట్టు రాస్తున్నాం, గేట్‌వేకు రద్దు కబురు వెళ్లదు, అక్కడ మీరే ఆపుకోవాలి అని. రోజూ పది హెచ్చరికలు చూసే కళ్లకు అదొక లెక్కా? తర్వాతి నెల దాత కార్డు నుంచి మళ్లీ డబ్బు పోతుంది, బ్యాంకు ద్వారా ఫిర్యాదు వస్తుంది, గేట్‌వే దానికి విడిగా రుసుము వేస్తుంది. వాడబోయే ఎక్స్‌టెన్షన్‌లో రద్దు, విరాళం మొత్తం మార్పు, కార్డు మార్పు మూడూ పనిచేస్తాయా అన్నది ఎంచుకునే దశలోనే టెస్ట్ మోడ్‌లో చూసుకోండి. విరాళం మొత్తం మార్చడం చాలా గేట్‌వేలతో కుదరదు. అప్పుడు పాతది ఆపి కొత్తది పెట్టించాలి, ఆ మధ్యలో కొందరు జారిపోతారు.

దాత రికార్డును చెత్తబుట్టలో వేస్తే వసూలు ఆగుతుందనుకోవడం కూడా పొరపాటే. గేట్‌వే దగ్గర ఏర్పాటు అలాగే ఉంటుంది. ముందు ఆపాలి, తర్వాతే తీసేయాలి.

రద్దు కారణం రాసే గడిని ఖాళీగా వదలకండి. డబ్బుకు ఇబ్బంది, సంస్థ మీద అసంతృప్తి, తెలియక చేరడం, చనిపోవడం. ఈ నాలుగూ ఇతరాలూ చాలు. డబ్బుకు ఇబ్బంది అన్నవాళ్లను రద్దు చేసే ముందు, మొత్తం తగ్గించుకుంటారా లేక మూడు నెలలు ఆపుదామా అని ఒక్కసారి అడగడం మర్యాదే. రెండోసారి అడిగితే వేధింపు.

మెయిళ్లు, రసీదులు, తెలుగు

మామూలు రసీదు టెంప్లేట్ పరమ నీరసంగా ఉంటుంది. మొదటి రోజే మార్చుకోవాలి. నెలవారీ ఏర్పాటు మొదలైనప్పుడు ఒకటి, రద్దయినప్పుడు ఒకటి, కార్డు మారినప్పుడు ఒకటి, మొత్తం మారినప్పుడు ఒకటి వెళ్లడానికి విడివిడి టెంప్లేట్లున్నాయి. వీటన్నిటినీ తెలుగులో రాసుకోవచ్చు, మెయిలులో అక్షరాలు చక్కగానే కనిపిస్తాయి.

పీడీఎఫ్ రసీదు దగ్గరే ఇబ్బంది. పీడీఎఫ్ తయారుచేయడానికి సివిసీఆర్‌ఎం మామూలుగా వాడే డోమ్‌పీడీఎఫ్ అనే ప్రోగ్రాముకు తెలుగు లాంటి లిపుల్లో అక్షరాలను కలిపి పేర్చడం రాదు. వత్తులు విడిపోయి పక్కన పడతాయి, గుణింతాలు తప్పిపోతాయి. దాత పేరులోనే వత్తు ఉంటే ఇక ఆ రసీదును చూడలేం. డబ్ల్యూకే హెచ్‌టీఎమ్ఎల్ టు పీడీఎఫ్ అనే ప్రోగ్రామును సర్వర్‌లో వేసి, అది సర్వర్‌లో ఎక్కడుందో సివిసీఆర్‌ఎం సెట్టింగ్స్‌లో ఇచ్చి, తెలుగు ఫాంటు కూడా సర్వర్‌లో పెడితే సరిగ్గా వస్తుంది. అయితే ఆ ప్రోగ్రామును ఇప్పుడెవరూ ముందుకు తీసుకెళ్లడం లేదు, దాని కోడ్ నిల్వను 2023లో మూసేశారు. చవక షేర్డ్ హోస్టింగ్‌లో దాన్ని వేసుకోనివ్వరు కూడా. అలాంటప్పుడు నెలనెలా రసీదును మెయిలులోనే ఇచ్చేసి, పీడీఎఫ్‌ను ఏడాదికోసారి వేరే చోట తయారుచేసుకోవడం నయం.

మెయిలు తిరిగొచ్చిన చిరునామాలను సివిసీఆర్‌ఎం హోల్డ్‌లో పెడుతుంది, అంటే వాటికి మెయిళ్లు ఆపేస్తుంది. మంచిదే. కానీ నెలవారీ దాత చిరునామా హోల్డ్‌లో పడిందంటే కార్డు విఫలమైన కబురు కూడా అందదు. పైన చెప్పిన వారపు జాబితాలో హోల్డ్ గడి కూడా కలుపుకుని, అలాంటివాళ్లకు నేరుగా ఫోను చేయాలి. మెయిలింగ్‌లో పెట్టే, దాత లాగిన్ కాకుండానే తన వివరాలతో ఫారం తెరిచే సొంత లింకుకు మామూలుగా 7 రోజులే గడువు. మొత్తం పెంచమని అడిగే మెయిళ్లలో ఆ లింకు వాడేటట్టయితే ముందు సెట్టింగ్స్‌లో గడువు పెంచుకోండి, చాలామంది మెయిలును వారం తర్వాత తీరిగ్గా తెరుస్తారు.

రిపోర్టులు ఫరవాలేదు. పోయినేడాది ఇచ్చి ఈ ఏడాది ఇవ్వనివాళ్ల జాబితా సిద్ధంగా ఉంటుంది. నెలవారీ కార్యక్రమానికి అసలు కావాల్సింది, ఫలానా నెలలో చేరినవాళ్లలో ఆరు నెలల తర్వాత ఎందరు మిగిలారన్న పట్టిక. అది మాత్రం సెర్చ్‌కిట్ నుంచి దించుకుని బయట తయారుచేసుకోవాల్సిందే.

దొంగ కార్డుల దాడి

విరాళాల ఫారాలంటే దొంగిలించిన కార్డు నంబర్లను పరీక్షించేవాళ్లకు ప్రీతి. చిన్న మొత్తమైనా పడుతుంది, సామాను పంపే పనిలేదు. రాత్రికి రాత్రి వందల ప్రయత్నాలు జరిగి గేట్‌వే మన ఖాతానే ఆపేయొచ్చు. అదే జరిగితే అన్ని నెలవారీ వసూళ్లూ ఆగినట్టే. కనీస మొత్తం పెట్టడం, మనిషో యంత్రమో తేల్చే రీక్యాప్చా వేయడం, ఫైర్‌వాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవడం, వాడని పాత విరాళాల పేజీలను మూసేయడం తప్పనిసరి. దాడులు ఎక్కువగా వచ్చేది ఆ మరిచిపోయిన పాత పేజీల నుంచే. సివిసీఆర్‌ఎం నెలకో కొత్త వెర్షన్ విడుదల చేస్తుంది. అప్‌డేట్ చేసే ముందు డేటాబేస్ బ్యాకప్ తీసి, గేట్‌వే ఎక్స్‌టెన్షన్‌కు కూడా సరిపోయే వెర్షన్ ఉందో లేదో చూసి, అయ్యాక ఒక నిజమైన చిన్న విరాళం పెట్టి చూడాలి. నెలనెలా కుదరదనుకునేవాళ్లకు భద్రతా మార్పులను ఎక్కువ కాలం అందించే వెర్షన్ కూడా దొరుకుతుంది.

ఎవరికి సరిపోతుంది

నెలవారీ దాతలు 50 మంది లోపుంటే, సర్వర్ సంగతులు తెలిసిన మనిషి లేకపోతే దీని జోలికి రావద్దు. శాతం పట్టుకునే వేదికే చవక పడుతుంది. వందలు దాటి, వారానికి రెండు మూడు గంటలు దీని మీద కూర్చునే ఉద్యోగి ఒకరు, అవసరమైతే పిలవడానికి డెవలపర్ ఒకరు ఉన్న సంస్థకు ఇంతకంటే మంచి ఓపెన్ సోర్స్ సాధనం దొరకడం కష్టం. ఇద్దరిలో ఎవరో ఒకరే ఉండగలరంటే ఉద్యోగిని పెట్టుకోండి. డెవలపర్ గంటల లెక్కన దొరుకుతాడు. దాత గొంతు విని, ఈయన మానేయాలనుకోవట్లేదు, కార్డే మారింది అని పట్టుకునేది ఆ ఉద్యోగే.

ఎటు వెళ్లినా గేట్‌వేతో ఒప్పందానికి ముందు ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి: రేపు మేం వేరే గేట్‌వేకు మారితే దాతల కార్డు టోకెన్లను భద్రంగా అక్కడికి బదిలీ చేస్తారా? సివిసీఆర్‌ఎంలో పేర్లు, మొత్తాలు, తేదీలు అన్నీ మన దగ్గరే ఉంటాయి. కార్డు వివరాలు మాత్రం గేట్‌వే దగ్గరుంటాయి. బదిలీ కుదరదంటే మారిన రోజున ప్రతి దాతతోనూ మళ్లీ ఫారం నింపించాల్సి వస్తుంది, అప్పుడు తిరిగొచ్చేది కొందరే.